గొడుగు అటు వంచి వెళ్ళిన ప్లీడరుగారు

నా పక్క గంప వదిన బొచ్చె చేపకు పొలుసు గీస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ గొడుగు ప్లీడరుగారు పోయారంట వదినా. తెల్లారగట్ట."

"అలాగా" అన్నాను. మంచు మీద జెల్లలను మళ్ళీ ఒకసారి సర్దాను. ఇంకేమీ అడగలేదు. ఆయన నాకు తెలుసునని ఆవిడకు తెలియదు. ఏలూరు మార్కెట్లో మేమిద్దరం పక్కపక్కన కూర్చోవడం మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ ఆయన ఆదివారం ఆదివారం వచ్చి ఆవిడ దగ్గరే చేప కొన్నారు. నా గంప ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. నా దాకా వచ్చేసరికి ఆయన గొడుగు ఒక భుజం మీంచి రెండో భుజం మీదికి మారేది. ఎండ ఏ వైపు ఉన్నా సరే, గొడుగు మాత్రం నా వైపు వంగేది. దాని వెనక మొహం కనబడేది కాదు.

"నీ వైపు చూడనన్నా చూడడే ఆ మహానుభావుడు. నీ చేప కుళ్ళిందనుకుంటున్నాడేమో" అని వదిన నన్ను ఏడిపించేది.

"అనుకోనీ" అనేదాన్ని.

ఆయన దగ్గరికి నేను ముద్దాయిగా వెళ్ళాను.

మాది కొల్లేటిలో ఒక లంక ఊరు. మా నాన్న పోయాక ఎకరన్నర సరస్సు భూమి నా పేరు మీదికి వచ్చింది. పైనుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన దాన్ని కౌలుకు తీసుకుని చేపల చెరువు తవ్వించాడు. అది పక్షుల కోసం ప్రభుత్వం హద్దు గీసిన చోటు. అక్కడ గట్టు వేయకూడదు. వేయకూడదని ఊళ్ళో అందరికీ తెలుసు, అందరూ వేస్తున్నారనీ తెలుసు. తవ్విన మిషను నడిపింది మా తమ్ముడు. రోజు కూలికి నాలుగు రోజులు నడిపాడు. వాడికి అప్పటికి పెళ్ళయి ఏడాది కాలేదు.

ఫారెస్టు వాళ్ళు వచ్చేసరికి మిషను లేదు, కౌలుదారు లేడు. మిగిలింది నా పేరు. ఆఫీసరుగారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. చాలా మర్యాదస్తుడు. నులకమంచం మీద కూర్చున్నారు. ఇంట్లో ఉన్న మజ్జిగ ఇచ్చాను, తాగారు. "మేం వచ్చినట్టు గుర్తుకి, ఇక్కడ ఒక ముద్ర వెయ్యమ్మా" అన్నారు. మా ఇంట్లో మజ్జిగ తాగిన మనిషి ఒక కాగితం చాపితే కాదనడం మాకు చేతకాదు. వేశాను. చెరువు నేనే తవ్వించానని, తప్పని తెలిసే చేశానని, మిషను నేనే అద్దెకు తెచ్చానని ఆ కాగితంలో ఉందట. ఆ సంగతి సమను వచ్చాక గాని నాకు తెలియలేదు.

కౌలుదారు మనిషి ఒకడు వచ్చి, "ఒప్పేసుకో అక్కా, జరిమానా మేం కట్టేస్తాం" అన్నాడు.

"జైలు వేస్తే?"

"వెయ్యర్లే" అన్నాడు వాడు, గోడకేసి చూస్తూ.

అప్పటినించి నాకు నిద్ర లేదు. నేను జైలుకు పోకూడదు. మిషను నడిపింది ఎవరో బయటికి రాకూడదు. ఒకటి తప్పించుకుంటే రెండోది నెత్తిన పడేలా ఉంది.

కోర్టు దగ్గర టీ కొట్టాయన ఈ ప్లీడరుగారి ఇల్లు చూపించాడు. కాలవ గట్టు పక్క సందులో పాత పెంకుటిల్లు. ముందు గదే ఆఫీసు. నేను వెళ్ళేసరికి తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన బియ్యం మిల్లు యజమాని ఒకాయన లోపల ఉన్నారు. ఆయన కారు ఆ సందులోకి రాదు, రెండు వీధుల అవతలే ఆపుకుని నడిచి వస్తారు. కాలుష్యం వాళ్ళు మిల్లుకు నోటీసు ఇచ్చారట. ప్లీడరుగారు ఆ నోటీసును వేలు కింద పెట్టుకుని, బడిపిల్లాడిలా గట్టిగా చదివి, తెలుగులో చెబుతున్నారు.

"నాకు ఇంగ్లీషు వచ్చండీ" అన్నాడు మిల్లు ఆయన విసుగ్గా.

"తెలుసండీ. అయినా వినండి." మళ్ళీ చదివారు. "మీ పొట్టు బూడిద ఎగిరి పక్క వీధిలో ఆరేసిన బట్టల మీద పడుతోందని రాశారు. పడుతోందా?"

"కేసు నిలబడుతుందా లేదా, అది చెప్పండి ముందు."

"బట్టల మీద బూడిద పడుతోందా అండీ?"

మిల్లు ఆయన భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుని, "పడుతుంది గాలి అటు తిరిగినప్పుడు" అన్నాడు.

"అయితే ముందు దానికి అడ్డం పెట్టించండి. ఆ తర్వాత జవాబు రాద్దాం. పడటం లేదని మాత్రం నేను రాయను."

మిల్లు ఆయన మొహం ముడుచుకుని బయటికి వెళ్ళాడు. గుమ్మం బయట బల్ల మీద కూర్చున్న నన్ను చూసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వారం తర్వాత మళ్ళీ అక్కడే కనిపించాడు, మళ్ళీ తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంటికి వచ్చేవాళ్ళందరూ అంతే. దొంగతనం కేసులో వాడు, కల్తీ నూనె కేసులో కొట్టు ఆయన, తూకం రాళ్ళ కేసులో ఆయన, ఎవరూ ఎవరినీ చూసేవాళ్ళు కారు. అందరం నేల చూపులే.

నన్ను లోపలికి పిలిచి, ముందు ఫ్యాను కట్టేశారు. ఎండాకాలం. చెమటలు కారుతున్నాయి.

"ఫ్యాను ఉంటే సగం మాటలు వినబడవమ్మా. చెప్పండి."

చెప్పాను. ఆయన కలం ముట్టుకోలేదు. చెప్పడం అయ్యాక, "మళ్ళీ మొదటినుంచి చెప్పండి" అన్నారు. రెండోసారీ కలం తీయలేదు. మూడోసారికి కాగితం ముందుకు లాక్కున్నారు. ఎందుకండీ ఇన్నిసార్లు అని అడిగితే, "మొదటిసారి ఏడుపు వస్తుంది. రెండోసారి ఊళ్ళోవాళ్ళు అనుకునే మాటలు వస్తాయి. మీరు కళ్ళారా చూసింది అవన్నీ అయ్యాక గాని రాదు" అన్నారు.

మూడోసారి చెబుతూ నేను నోరు జారాను. ఆ నాలుగు రోజులూ మధ్యాహ్నం గట్టు మీదికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళానని అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఇంట్లో మగదిక్కు తమ్ముడొక్కడేనని ముందే చెప్పి ఉన్నాను. ఎవరికి పట్టుకెళ్ళావని ఇప్పుడు అడుగుతారు, ఏం చెప్పాలి?

ఆయన రాస్తున్న కలం ఆపారు. నా వంక చూశారు. కలానికి మూత పెట్టారు.

"ఆ ఫ్యాను వెయ్యండమ్మా. ఈ పూటకి చాలు."

లేచి స్విచ్చి నొక్కాను.

వకాలతు మీద వేలిముద్ర వేయించేటప్పుడు ఇంకొక ముచ్చట జరిగింది. గుమస్తా నా వేలు పట్టుకుని ఇంకు పెట్టె మీద పెట్టబోతుంటే ఆయన వద్దని, ఆ కాగితమూ గట్టిగా చదివారు. అచ్చు కాగితం. వచ్చిన ప్రతివాళ్ళకీ అదే. గుమస్తా ఆవలిస్తూ గోడకు జారబడ్డాడు, ఎన్నిసార్లు విన్నాడో పాపం. చదువుతూ ఒకచోట ఆగి, "నా తరఫున రాజీ పడటానికీ, ఒప్పుకోవడానికీ మీకు అధికారం ఇస్తున్నాను అని ఉందమ్మా ఇక్కడ. ఇస్తారా?" అన్నారు.

అంతకు ముందు నన్ను ఎవరూ అలా అడగలేదు. ఇంటికి వచ్చి మజ్జిగ తాగిన ఆఫీసరూ అడగలేదు, కౌలుకు తీసుకున్న పెద్దమనిషీ అడగలేదు.

"ఇవ్వనండి" అన్నాను.

గుమస్తా నిద్రమత్తు వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ మాట అనలేదని తర్వాత చెప్పాడు నాతో. ప్లీడరుగారు ఏమీ అనుకోలేదు. ఆ వాక్యం మీద కలంతో గీత గీసి, ఆ గీత పక్కన నా వేలిముద్ర వేయించారు. "బాగుందమ్మా. ఇక మిమ్మల్ని అడక్కుండా నేను ఒక్క మాటా ఒప్పుకోవడానికి వీల్లేదు" అన్నారు. ఆయన అలా అంటుంటే, పోగొట్టుకున్నది ఏదో దొరికిన మనిషిలా కనిపించారు.

కేసు ఏడాదిన్నర నడిచింది. వాయిదాకి ఒకసారి లంక నుంచి పడవ, పడవ దిగితే ఆటో, ఆటో దిగితే బస్సు. చివరికి ఆఫీసరుగారు బోనెక్కారు. ఆయన కాగితంలో నాలుగు గంటలకు మొదలుపెట్టి నాలుగుంపావుకు ముగించినట్టు, నాకు చదివి వినిపించి ఒప్పించినట్టు ఉంది.

"నాలుగు పేజీలు రాశారు, చదివి వినిపించారు, అంతా పావుగంటలో అయింది. అంతేనా అండీ?"

"ఆయ్, అంతేనండి."

ప్లీడరుగారు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టారు. "తమరు అనుమతిస్తే ఆ కాగితం నేనొకసారి చదువుతాను" అన్నారు మేజిస్ట్రేటుగారితో. మేజిస్ట్రేటుగారు నవ్వి, "మీరు చదవందే ఊరుకోరుగా, కానివ్వండి" అన్నారు. కోర్టు హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మొదలుపెట్టారు. అదే గొంతు, అదే వేలు. వెనక బల్లల మీద లాయర్లు ఒకరినొకరు పొడుచుకున్నారు. జవాను గోడకు ఆనుకుని కునుకు తీశాడు. నాలుగు పేజీలూ అయ్యేసరికి గడియారంలో పంతొమ్మిది నిమిషాలు.

"ఇది చదవడానికి పట్టిన టైమండీ. రాయడానికి ఎంత పట్టిందో తమరే చెప్పాలి" అన్నారు ఆఫీసరుగారితో.

ఆఫీసరుగారు తల వంచుకున్నారు. నాకు ఆయన మీద జాలేసింది. మజ్జిగ తాగిన రోజు నిజంగా అలిసిపోయి ఉన్నారు. ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చారో.

మిషను ఎవరు నడిపారని కోర్టులో ఎవరూ అడగలేదు. మొదటినుంచి చివరి దాకా ఆ ప్రశ్న వస్తుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాను. రాలేదు. నా అదృష్టం అనుకున్నాను.

నన్ను విడిచిపెట్టారు. బయటికి వచ్చాక ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగారు.

"గట్టు వెయ్యడం తప్పేనమ్మా. అది మర్చిపోకండి. కొల్లేటికి నీళ్ళు నడవాలి గదా. తప్పు చేశారని రాసే కాగితం కూడా తప్పుగా ఉండకూడదు, నా గొడవ అంత వరకే." తర్వాత కేసు కట్టంతా ఎర్ర నాడాతో కట్టి నా చేతికిచ్చారు. అయిపోయిన కేసుల కట్టలు ఆయన ఉంచుకునేవారు కారు. "ఇది మీ ఇంట్లో ఉండాలి. ఇక నేను మీకు తెలీదు. ఎక్కడ కనిపించినా పలకరించకండి."

ఎందుకు అలా అన్నారో నాకు అర్థం కాలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను.

తర్వాత చెరువుకు గండి కొట్టారు, మా భూమి మళ్ళీ నీళ్ళలోకి పోయింది. నేను ఏలూరు వచ్చి గంప పెట్టుకున్నాను. తమ్ముడు తాడేపల్లిగూడెంలో ఒక మిల్లులో లారీ తోలడానికి కుదిరాడు. మొదటి ఆదివారం ప్లీడరుగారు మార్కెట్లోకి వచ్చినప్పుడు సంతోషం పట్టలేక లేచి నిలబడ్డాను. గొడుగు ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మారింది. ఆయన నన్ను దాటి వెళ్ళి వదిన గంపలో బేరమాడారు. ఆ రోజు నా దగ్గర బతికున్న కొరమేనులు ఉన్నాయి. ఆవిడ దగ్గర ఉన్నది నిన్నటి సరుకు.

నాలుగు ఆదివారాలు ఓర్చుకుని, ఐదోవారం వాళ్ళింటికి వెళ్ళాను.

"నా చేప ఏం పాపం చేసిందండీ?" అన్నాను గుమ్మంలోనే.

ఆయన నవ్వారు. అంత గట్టిగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నవ్వు అయిపోయాక కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"చూడండమ్మా, ఈ ఊళ్ళో నేను ఎవరి ముందు ఆగితే వాళ్ళకి కేసుందని జనం అనుకుంటారు. నేను ఎవరింట్లో పెళ్ళికి వెళితే ఆ ఇంట్లో ఏదో జరిగిందనుకుంటారు. మీరు కొత్తగా వచ్చి గంప పెట్టుకున్నారు. ఈవిడకీ పోలీసు గొడవలున్నాయని మొదటి రోజే అనిపించుకోవడం ఎందుకు?"

"అనుకుంటే అనుకోనివ్వండి."

"మీరిప్పుడు అలాగే అంటారు. రేపు బేరాలు తగ్గాక అనరు."

"మరి ఆ వదిన దగ్గర ఆగుతున్నారు కదండీ?"

"ఆవిడకి నాతో ఎప్పుడూ పని పడలేదు. ఆవిడ దగ్గర ధైర్యంగా నిలబడొచ్చు."

ఈ ఊళ్ళో ఆయన ధైర్యంగా నిలబడగలిగిన చోట్లు ఎన్ని ఉండి ఉంటాయి? నేను లెక్క వేసుకోలేదు గాని, తర్వాత గమనించడం మొదలుపెట్టాను. కోర్టుకు కాలవ గట్టున నడిచి వెళ్ళేటప్పుడు ఆ గొడుగు దారి పొడుగునా అటూ ఇటూ మారుతూనే ఉండేది. కిళ్ళీ కొట్టు దగ్గర ఇటు. కిరాణా కొట్టు దగ్గర అటు. సైకిలు షాపు దగ్గర మళ్ళీ ఇటు. గొడుగు వంగిన ప్రతి చోటా ఆయన వల్ల బయటపడిన మనిషి ఒకరు ఉన్నారన్నమాట. ఆయన దాటి వెళ్ళాక వాళ్ళు తేలికపడి తల ఎత్తేవాళ్ళు. ఆయనకు పెళ్ళయిందో లేదో, పిల్లలున్నారో లేదో నాకు తెలియదు. మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. అది ఒక మనిషికి సరిపోయే క్యారేజీ.

రెండేళ్ళ కిందట మా పేటలో చర్చి వరండాలో టీచరమ్మ ఒకావిడ పెద్దవాళ్ళకు చదువు మొదలుపెట్టింది. మధ్యాహ్నం మార్కెట్టు ముగిశాక వెళ్ళేదాన్ని. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక, ఇంట్లో చదవడానికి నాకున్నది ఆ ఎర్ర నాడా కట్ట ఒక్కటే. అచ్చు కాగితాలు కొరుకుడు పడలేదు. ప్లీడరుగారి చేతిరాత మాత్రం గుండ్రంగా, విడివిడిగా ఉంటుంది. రోజుకు నాలుగైదు వరుసలు చదివాను. నేను మూడోసారి చెప్పిన మాటలు నేను చెప్పినట్టే ఉన్నాయి. చివర్లో ఆఫీసరును అడగాల్సిన ప్రశ్నలు వరుసగా రాసుకున్న కాగితం ఉంది. అందులో ఒక చోట ఇలా ఉంది:

"మిషను నడిపింది ఎవరు? వాణ్ణి రప్పిస్తే మిషను ఎవరిదో తేలుతుంది, ఈమె సులువుగా బయటపడుతుంది."

ఆ వరుస మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన చిన్నగా రాశారు. "వద్దు. నాలుగు రోజులు క్యారేజీ. తమ్ముడు."

ఆ చివరి మాట చదవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు. కాగితం మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ చదివాను. సులువైన దారి ఉందని ఆయనకు తెలుసు. ఆ దారిన వెళ్ళకుండా గడియారం ముందు పెట్టుకుని పంతొమ్మిది నిమిషాలు చదివారు. వెనక లాయర్లు నవ్వుతుంటే చదివారు.

మర్నాడు ఆయన ఇంటికి బయలుదేరాను. సందులోకి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కిటికీ తెరిచి ఉంది. ఆయన ఒక్కరే ఉన్నారు. విప్పిన క్యారేజీ గిన్నె పక్కన ఉంది, ఎదుట కుర్చీ ఖాళీగా ఉంది. ఏదో కాగితం మీద వేలు పెట్టుకుని గట్టిగా చదువుతున్నారు. ఒకచోట ఆగి, "విన్నారా?" అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ చదువుకున్నారు.

గుమ్మం ఎక్కలేకపోయాను. కేసు లేకుండా లోపలికి వెళ్ళి ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. వచ్చే ఆదివారం చూద్దామనుకుని తిరిగి వచ్చేశాను. అలా చాలా ఆదివారాలు గడిచాయి. వచ్చినప్పుడల్లా గొడుగు వంగింది. పోయిన రెండు ఆదివారాలూ ఆయన రాలేదు.

వదిన మాట విన్నాక గంప మీద గోనె కప్పి, తమ్ముడికి ఫోను చేశాను.

"ప్లీడరుగారు పోయార్రా."

"ఏ ప్లీడరక్కా?"

వాడికి ఆయన తెలియదు. ఒక్కసారి కూడా చూడలేదు. కోర్టు దరిదాపులకు రావద్దని నేనే చెప్పాను అప్పట్లో. ఫోనులోనే మొత్తం చెప్పాను, ఆ కాగితంలో ఉన్నది కూడా. లారీ ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది.

"ఎన్నింటికి తీస్తారు?" అన్నాడు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు పది మంది కూడా లేరు. విజయవాడ నుంచి వచ్చిన ప్లీడరుగారి అన్న కొడుకు ఒకాయన తడి బట్టలతో నిలబడి ఉన్నాడు. నల్లకోట్ల వాళ్ళు కొందరు వచ్చి దండలు వేసి, రెండున్నరకు కేసులున్నాయని వెళ్ళిపోయారట. సందు చివర కనబడే రోడ్డుకు అవతల మాత్రం మనుషులున్నారు. టీ కొట్టు దగ్గర ఇద్దరు. సైకిలు షాపు దగ్గర కొందరు. కిరాణా కొట్టు ఆయన షట్టరు సగం దించి దాని కింద నిలబడ్డాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. ఎవరి పని మీద వాళ్ళు వచ్చినట్టే ఉన్నారు. వచ్చే దారిలో, రెండు వీధుల అవతల, గూడెం మిల్లు ఆయన కారు ఆగి ఉండటం చూశాను. అద్దాలు ఎత్తి ఉన్నాయి.

తమ్ముడు కూడా సైకిలు షాపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఒంటి మీద పొట్టు దుమ్ము అలాగే ఉంది.

సందు ఇరుకు. శవాన్ని తీసుకెళ్ళే బండి లోపలికి రాదు, రోడ్డు దాకా పాడె మోయాలి. అన్న కొడుకు నిప్పు కుండ పట్టుకోవాలి. గుమస్తా, ఎదురింటి ఆయన, విజయవాడ నుంచి వచ్చిన కారు డ్రైవరు, ముగ్గురు తేలారు. అన్న కొడుకు రోడ్డు అవతలికి చూశాడు. షట్టరు కింద ఆయన చొక్కా బొత్తాం సరిచేసుకున్నాడు. టీ కొట్టు దగ్గర ఒకాయన గ్లాసులోకి చూసుకున్నాడు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. పలకరించవద్దని ఆయనే చెప్పారు.

తమ్ముడు చెప్పులు విప్పాడు. అక్కడే, సైకిలు షాపు ముందు. రోడ్డు దాటి వచ్చి పాడె నాలుగో కొమ్ము దగ్గర వంగాడు.

"బాబూ, మీరు ఆయనకేమవుతారండీ?" అన్నాడు అన్న కొడుకు.

వాడు నా వంక చూశాడు. గుమస్తా కూడా చూశాడు. నన్ను గుర్తుపట్టినట్టున్నాడు. రోడ్డు అవతలి నుంచి, మార్కెట్టు ముగించుకుని వచ్చిన వదిన కూడా చూస్తోంది.

"క్లయింటండీ" అన్నాను నేను, అందరికీ వినబడేలా. "నేనూ, వాడూ కూడా. వాడి పేరు కాగితాల్లో ఉండదు."